చేతుల్లో బేస్ గిటార్, పాదాల కింద సింథసైజర్

మన టొరంటోలో తెలుగు కార్యక్రమాలకి వెళ్ళేవాళ్ళకి ఈ పరిస్థితి బాగా పరిచయమే. పాడేవాళ్ళు బోలెడుమంది, వాయించేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. తబలాకి ఒకరు, గిటార్‌కి ఒకరు, అదృష్టం బాగుంటే బేస్ గిటార్‌కి ఇంకొకరు. కీబోర్డు వాయించే ఆయనకి సరిగ్గా ఆ వారమే ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళాల్సి వస్తుంది. "ఎందుకొచ్చిన గొడవ, ట్రాక్ పెట్టేద్దాం" అని తేల్చేస్తారు. ట్రాక్ మీద పాడితే ఏం పోతుందీ అంటే పెద్దగా ఏమీ పోదు, ఒక్కటి తప్ప. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు. పల్లవి ఇంకోసారి పాడాలనిపించినా, చరణం ఎత్తుకోవడం అరక్షణం ఆలస్యమైనా దాని దారి దానిదే. పాడే పిల్ల బిక్కమొహం వేసుకుని ట్రాక్ వెనకాల పరిగెడుతుంది.

ముగ్గురే ఉండి ఆరుగురు వాయిస్తున్నట్టు వినిపించాలి, అదీ ట్రాక్ లేకుండా. ఈ చిక్కు మనకొక్కళ్ళకే రాలేదు. ఇదే ఊళ్ళో, విల్లోడేల్‌లో, 1968లో మొదలైన 'రష్' అనే రాక్ బృందానికీ వచ్చింది. బేస్ గిటార్, పాట గెడ్డీ లీ. గిటార్ అలెక్స్ లైఫ్‌సన్. 1974 నుంచి డ్రమ్స్ నీల్ పేర్ట్. నాలుగో మనిషిని తీసుకోవడం వాళ్ళకి ఇష్టం లేదు. మరి పెద్ద పెద్ద కీబోర్డు ధ్వనులు కావాలంటే ఎలా? రెండు చేతులూ గిటార్ మీదే ఉన్నాయి, నోరు పాట పాడుతోంది. ఖాళీగా ఉన్నవి కాళ్ళే.

అలా కాళ్ళతో వాయించే వాయిద్యం పేరు బేస్ పెడల్స్. చూడ్డానికి నేల మీద పెట్టిన ఒక వెడల్పాటి పెట్టె. దానికి ముందువైపు కీబోర్డు మెట్ల లాంటివే, కాకపోతే బాగా పొడుగ్గా, ఎడంగా ఉండే మెట్లు. మామూలుగా పదమూడు ఉంటాయి, అంటే షడ్జమం నుంచి పై షడ్జమం దాకా ఒక స్థాయి. పాదంతో మెట్టు తొక్కితే లోపలున్న సింథసైజర్ పలుకుతుంది. గిటార్ వాయించేవాళ్ళ ముందు వరసగా కనపడే చిన్న చిన్న రంగు డబ్బాలు వేరు, ఇవి వేరు. ఆ డబ్బాలు గిటార్ శబ్దాన్నే తీసుకుని దాని రూపు మారుస్తాయి. ఇవి సొంతంగా స్వరం పలికే వాయిద్యాలు. రెంటినీ 'పెడల్' అనే అంటారు కాబట్టి దుకాణంలో అడిగేటప్పుడు కాస్త జాగ్రత్త!

కాలితో మంద్ర స్వరాలు పలికించడం కొత్తేమీ కాదు. చర్చిల్లో ఉండే పైప్ ఆర్గన్‌కి శతాబ్దాలుగా కాలి మెట్లు ఉన్నాయి. రెండు చేతులూ పైన రాగం, తోడు స్వరాలు చూసుకుంటే, పాదాలు అడుగున ఆధార స్వరం నిలబెడతాయి. పైన ఏ స్వరాలు మారినా అడుగు స్వరం కదలకుండా నిలిచి ఉండటాన్ని పాశ్చాత్య సంగీతంలో 'పెడల్ పాయింట్' అంటారు. ఆ పేరు ఈ కాలి మెట్ల వల్లే వచ్చింది. మనకైతే తంబురా చేసే పని అదే. అందుకే ఈ వాయిద్యం ధ్వని మన చెవికి వింతగా అనిపించదు, కచేరీలో వెనకాల నిలిచే శ్రుతిలా ఉంటుంది. తర్వాత 1935లో అమ్మకానికి వచ్చిన హామండ్ ఆర్గన్ ఈ కాలి మెట్లని చర్చి బయటికి, జాజ్ క్లబ్బుల్లోకి తెచ్చింది. పేరుపొందిన బీ-3 నమూనాకి ఇరవై అయిదు కాలి మెట్లు.

ఆర్గన్ నుంచి ఈ మెట్లని విడదీసి, వాటికి సొంత సింథసైజర్ తగిలించి రాక్ సంగీతగాళ్ళ చేతికి, అదే, కాలికి ఇచ్చినవాళ్ళలో మూగ్ కంపెనీది పెద్దపీట. 1975లో వచ్చిన వాళ్ళ 'టారస్' పెడల్స్ ఇప్పటికీ ఈ రంగంలో కొలబద్ద. నిజానికి అది 'కాన్‌స్టలేషన్' అనే పెద్ద వాయిద్య సముదాయంలో ఒక భాగంగా అనుకున్నది. ఆ సముదాయం మొత్తంగా మార్కెట్లోకి రాలేదు కానీ అడుగు భాగం మాత్రం బతికి బట్టకట్టింది. అందులో పదమూడు మెట్లు, 'ట్యూబా', 'బేస్', 'టారస్' అని ముందే తయారుచేసి పెట్టిన మూడు ధ్వనులు, మనం మార్చుకోగలిగేది ఒకటి. ధ్వని మార్చే బొటనవేలంత మీటలన్నీ కూడా కాలితో నొక్కేలా పెట్టారు. శబ్దం పెంచడానికి ఒకటి, ధ్వనిలో పదును పెంచడానికి ఒకటి, పాదంతో జరిపే రెండు పెద్ద మీటలు కూడా ఉంటాయి. అంటే చెయ్యి కిందికి దించాల్సిన పనే లేదు. నా ఉద్దేశంలో ఆ ధ్వని కన్నా ఈ ఆలోచనే గొప్పది.

రష్ 1977లో విడుదల చేసిన 'ఎ ఫేర్‌వెల్ టు కింగ్స్' ఆల్బం నుంచి గెడ్డీ లీ ఈ పెడల్స్ వాడకం మొదలయ్యింది. అందులో 'జానడూ' అనే పదకొండు నిమిషాల పాట ఉంది. దాన్ని వేదిక మీద వాయించేటప్పుడు ఆయన మెడలో రెండు మెడల గిటార్ ఉండేది. ఒక మెడ బేస్, ఇంకో మెడ మామూలు గిటార్. చేతులు గిటార్ మెడ మీదికి వెళ్ళినప్పుడు బేస్ ఖాళీ అయిపోవాలి కదా? ఆ ఖాళీని పాదం పూరించేది. మధ్యమధ్యలో పక్కనున్న చిన్న సింథసైజర్ మీద చేత్తో నాలుగు స్వరాలు, వీటన్నిటి పైన పాట. ఇంగ్లాండులో జెనిసిస్ బృందంలో మైక్ రూథర్‌ఫర్డ్, పోలీస్ బృందంలో స్టింగ్ కూడా ఈ పెడల్స్ వాడినవాళ్ళే. పోలీస్ కూడా ముగ్గురి బృందమే కావడం కాకతాళీయం కాదు. మనుషులు తక్కువైన చోటే కాళ్ళకి పని దొరికింది.

ఇక్కడ ఒక పిడకల వేట. తెనాలి నుంచి వచ్చిన మా మామగారు నేను ఇంట్లో సాధన చేస్తుంటే కాసేపు చూసి ఉండబట్టలేక అడిగారు: "అల్లుడుగారూ, వాయిద్యానికి కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం కదా, మీరేంటండీ ఏకంగా తొక్కేస్తున్నారు?" నేను గడుసుగా, "పద్యనాటకాల్లో హార్మోనిస్టు చేసిందీ అదే కదండీ మామగారూ" అన్నాను. ఆయన వెంటనే, "అది గాలి కోసమండీ, స్వరం కోసం కాదు. స్వరం చేత్తోనేగా పలికేది!" అన్నారు. నిజమే, ఆయన పట్టిన తేడా సరైనదే. లెగ్ హార్మోనియంలో పాదం వాయిద్యానికి ఊపిరి పోస్తుంది. ఏ స్వరం పలకాలో వేళ్ళు నిర్ణయిస్తాయి. ఇక్కడ ఊపిరి కరెంటు ఇస్తుంది, నిర్ణయం పాదానిది. పోలిక కావాలంటే హార్మోనియం కన్నా గుంట మగ్గం దగ్గరగా ఉంటుంది. నేతగాడు చేత్తో నాడె విసురుతూనే ఏ పడుగు లేవాలో కాలితో నిర్ణయిస్తాడు. చెయ్యి వేగంగా, కాలు నిదానంగా, రెండూ ఒకే లెక్కలో. బేస్ పెడల్స్ నేర్చుకోవడమంటే సరిగ్గా అదే.

ఇక శబ్దం సంగతి. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అతి మంద్రమైన తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. పెడల్ మీద అడుగు 'సి' స్వరాన్ని మంద్ర స్థాయిలో పెడితే అది 33కి ఒక పిసరు తక్కువ. మనిషి చెవికి కింది హద్దు 20 అంటారు కాబట్టి, ఈ స్వరం చెవితో విన్నంతగా గుండెతో వింటాం. ఒడుపు తెలియని వాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. పాదం కింద ఒక స్వరం మోగుతుండగా చెయ్యి కూడా మందపాటి తీగ మీద దాని పక్క స్వరాలే వాయిస్తే, ఆ అడుగున రెండు స్వరాలని చెవి విడదీయలేదు. వినేవాళ్ళకి సంగీతం కాదు, పక్క వీధిలో లారీ ఆగినట్టుంటుంది. అదే పాదం 'సి' మీద ఉన్నప్పుడు చేత్తో సన్నటి 'జి' తీగ వట్టిగా మీటండి. అది 98. పాదం స్వరానికి దాదాపు సరిగ్గా మూడు రెట్లు. రెండూ పాలూ నీళ్ళలా కలిసిపోతాయి. కాబట్టి పాదం అడుగుకి దిగితే చెయ్యి పైకెక్కాలి. చెయ్యి అడుగున పని చేస్తుంటే పాదం ఊరుకోవాలి. ఈ కళలో సగం ఊరుకోవడమే. మెట్లున్నాయి కదా అని పాటంతా తొక్కితే, అన్నంలో ప్రతి ముద్దకీ నెయ్యి పోసినట్టే.

"ఇంత అవస్థ ఎందుకు, బేస్ శబ్దాన్నే సింథసైజర్‌గా మార్చే డబ్బాలు ఉన్నాయిగా?" అని గిటార్ తెలిసినవాళ్ళు అడుగుతారు. ఉన్నాయి, బాగానే ఉంటాయి. కానీ తీగ ఏ స్వరం పలుకుతోందో కనిపెట్టి దాన్ని వేరే సింథసైజర్‌కి చెప్పాలంటే, ఆ పెట్టె కనీసం ఒక పూర్తి కంపనమైనా వినాలి. సెకనుకి 41 కంపనాలంటే ఒక్కో కంపనానికి 24 మిల్లీసెకన్లు. ఆ వ్యవధిలో గాలిలో శబ్దం ఎనిమిది మీటర్లు వెళుతుంది. అంటే మీ సింథసైజర్ మీ పక్కన కాక ఎనిమిది మీటర్ల అవతల నిలబడి వాయిస్తున్నట్టు లెక్క. స్వరం ఎంత మంద్రమైతే ఆలస్యం అంత ఎక్కువ. కొత్త పరికరాలు కొన్ని వేరే పద్ధతుల్లో దీన్ని బాగా తగ్గించాయి. పెడల్‌కి మాత్రం ఈ బాధ మొదటినుంచీ లేదు, ఎందుకంటే మెట్టు ఒక స్విచ్చి. దానికి వినే పని లేదు, తొక్కితే పలకడమే. పైగా డబ్బా మీరు వాయించే స్వరాన్నే మారుస్తుంది. పెడల్ మీరు వాయించనిది కూడా పలుకుతుంది, చేతులు ఇంకో పనిలో ఉండగా.

1983లో మిడి వచ్చాక కథ ఇంకో మలుపు తిరిగింది. మిడి అంటే వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష. డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి అనే ఇద్దరు వేరు వేరు కంపెనీల వాళ్ళు చొరవ తీసుకుని పోటీదారులందరినీ ఒప్పించిన ప్రమాణం అది. ఆ తీగ గుండా శబ్దం వెళ్ళదు. "ఫలానా మెట్టు నొక్కారు", "ఫలానా మెట్టు వదిలారు" అన్న కబురు మాత్రమే వెళుతుంది. దాంతో మెట్ల పెట్టెలో సింథసైజర్ ఉండాల్సిన అవసరం పోయింది. మెట్లు వేదిక మీద, ధ్వని పుట్టే యంత్రం తెర వెనక. ఒక మెట్టు తొక్కితే బేస్ స్వరమే రానక్కర్లేదు, వయొలిన్ల గుంపు రావచ్చు, నాలుగు గొంతుల కోరస్ రావచ్చు.

రష్ ఈ అవకాశాన్ని చివరిదాకా పిండుకుంది. 1980లలో వాళ్ళ పాటల్లో కీబోర్డు పొరలు పెరిగేకొద్దీ గెడ్డీ లీ, లైఫ్‌సన్ ఇద్దరి ముందూ మెట్ల పెట్టెలు వెలిశాయి. తర్వాతి రోజుల్లో వాడిన కోర్గ్ మెట్లకి సొంత ధ్వనంటూ లేదు, తెర వెనక శాంపిలర్లకి కబురు పంపడమే వాటి పని. 1987 నాటి 'టైమ్ స్టాండ్ స్టిల్' పాటలో ఏమీ మాన్ అనే గాయని గొంతు ఉంటుంది. కచేరీల్లో ఆ గొంతు శాంపిల్ రూపంలో వచ్చేది. "అది కూడా ట్రాకేగా?" అనొచ్చు మీరు. కొంతవరకూ నిజం. సీక్వెన్సర్ దానంతటది నడిచే పాటల్లో డ్రమ్మర్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని దాన్ని అనుసరించాల్సే వచ్చేది. కానీ మిగతా చోట్ల వాళ్ళు పెట్టుకున్న నియమం ఏమిటంటే, ఏ శబ్దమైనా వేదిక మీద ముగ్గురిలో ఒకరు చేతితోనో కాలితోనో మీటితేనే రావాలి. తొక్కడం మర్చిపోతే రాదు. ముందు తొక్కితే ముందే వస్తుంది. తప్పు చేసే అవకాశం ఉంది కాబట్టే అది వాయించడం అయింది.

మన పాటలకి ఇది పనికొస్తుందా? భేషుగ్గా. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ ఎంత చలాకీగా నడుస్తుందో వినే ఉంటారు. ఆ నడకని పాదానికి అప్పగించకూడదు, అది వేళ్ళ సొత్తు. పల్లవి ముందు గాయకుడు ఆలాపన చేసే చోటు చూడండి. మామూలుగా కీబోర్డు ఆయన ఒక నిలకడ స్వరం పట్టుకుంటాడు. ఆయన లేనప్పుడు పాదం ఆ పని చేస్తుంది. గాయకుడు ఎంతసేపు సాగదీస్తే అంతసేపు పాదం ఉంటుంది, ఆయన పల్లవిలోకి దిగగానే పాదం లేస్తుంది, చేతులు అందుకుంటాయి. ట్రాక్ చెయ్యలేనిది ఇదే. అలాగే చరణం చివర పాట పైస్థాయికి వెళ్ళే చోట, రెండు ఆవర్తాల పాటు పాదం అడుగున నిలబడితే హాలు నిండుగా అవుతుంది. ఒక పాటలో ఇలాంటి చోట్లు మూడో నాలుగో ఉంటాయి. అవి వెతికి పెట్టుకుంటే చాలు.

శ్రుతి గురించి ఒక హెచ్చరిక. మన దగ్గర ఒకరు ఒకటిన్నర శ్రుతిలో పాడతారు, తర్వాతి వాళ్ళు అయిదున్నరలో పాడతారు. అంటే 'సి షార్ప్' ఒకటి, 'జి షార్ప్' ఒకటి. చాలా మిడి పరికరాల్లో శ్రుతి మార్చే మీట ఉంటుంది కాబట్టి, పాదానికి ఎప్పుడూ తెల్లమెట్ల మీద అలవాటైన చోటే ఉంచి మీట తిప్పుకోవచ్చు. విడిగా కీబోర్డు వాయించేవాళ్ళకి అది వరం. బేస్ వాయించేవాళ్ళకి మాత్రం వద్దనే నా సలహా. గిటార్ తీగలకి ఆ మీట లేదు. చెయ్యి అసలు శ్రుతిలో, కాలు మారు వేషంలో ఉంటే పాట మధ్యలో బుర్ర తిరిగిపోతుంది. నల్లమెట్లు తొక్కడం కొంచెం కష్టమే అయినా నేర్చుకోవడం నయం. అవి పైకి లేచి ఉంటాయి కాబట్టి పాదం వాటిని తడిమి గుర్తుపడుతుంది కూడా.

సాధన ఎలా అంటారా? చేతులు బాగా వచ్చిన, నిద్రలో లేపినా వాయించగలిగిన పాట ఒకటి తీసుకోండి. మొదటి వారం పాదం ఒక్క స్వరం మీదే. ఆవర్తం మొదట్లో తొక్కడం, చివర వదలడం. తొక్కడం కన్నా వదలడం కష్టమని రెండో రోజుకే తెలుస్తుంది. చెయ్యి ఏ దెబ్బ మీద ఉంటే పాదం కూడా ఆ దెబ్బ మీదే లేవాలని చూస్తుంది, దాన్ని మాన్పించాలి. తర్వాత రెండు స్వరాలు, ఆపైన మూడు. సినిమా పాటల్లో చాలావాటికి మూడు నాలుగు ఆధార స్వరాలు చాలు. మందపాటి బూట్లతో లాభం లేదు, రెండు మెట్లు ఒకేసారి పడతాయి. ఆర్గన్ వాయించేవాళ్ళు పల్చటి అడుగున్న జోళ్ళు వాడతారు. మనకి ఉత్త పాదమే హాయి. నిలబడి వాయిస్తే బరువంతా రెండో కాలి మీద ఉంటుంది, గంటసేపు కార్యక్రమమైతే నడుం పట్టేస్తుంది. ఎత్తు స్టూలు మీద ఆనుకుని కూర్చుంటే మడమ నేల మీద ఆనించి వేళ్ళతో తొక్కవచ్చు.

కొనాలనుకునేవాళ్ళకి రెండు ముక్కలు. పాత టారస్ ఎక్కడైనా కనపడితే చూసి ఆనందించండి, సేకరించేవాళ్ళ ధరలు మనకి అందవు. మూగ్ వాళ్ళు 2010లో 'టారస్ 3' తెచ్చారు, ఆ తర్వాత 2012లో అదే ధ్వనిని బల్ల మీద పెట్టుకునే చిన్న పెట్టెలో 'మినిటార్' పేరుతో ఇచ్చారు. దానికి మెట్లుండవు, ఏవైనా మిడి మెట్లు తగిలించుకోవాలి. రోలాండ్ పీకే-5 లాంటి పదమూడు మెట్ల పాత పెట్టెలు వాడినవి దొరుకుతుంటాయి. కొనేముందు ప్రతి మెట్టూ మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి తొక్కి చూడండి. దుమ్ము పట్టిన స్విచ్చి "వదిలారు" అన్న కబురు పంపడం మర్చిపోతే స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అన్ని స్వరాలనీ ఒక్కసారిగా ఆపే మీట మీ సింథసైజర్‌లో ఎక్కడుందో కార్యక్రమానికి ముందే చూసిపెట్టుకోండి.

చివరగా స్పీకర్ల సంగతి. పెడల్ ధ్వనిని బేస్ గిటార్ యాంప్లిఫయర్‌లోనే కలిపేయకండి. రెండూ ఒకే కోన్‌ని కుదిపితే రెండూ చెడతాయి. ఒక డీఐ బాక్స్ ద్వారా విడిగా మిక్సర్‌కి పంపి, సౌండ్ ఆయనకి ముందే చెప్పండి, లేకపోతే ఎక్కడో ఏదో గుర్రుమంటోందని ఆయన ఆ గొట్టం నొక్కేస్తాడు. మనం అద్దెకి తీసుకునే స్కూలు హాళ్ళలో సబ్ వూఫర్ ఉండకపోవచ్చు. అలాంటి చోట 33 హెర్ట్జ్ స్వరం మెత్తటి ధ్వనితో పెడితే మీకు తప్ప ఎవరికీ వినపడదు. అప్పుడు ఒక స్థాయి పైకి మార్చి, గరగరలాడే రంపపు ధ్వని ఎంచుకోండి. అందులో మూల స్వరంతో పాటు దాని రెట్టింపు, మూడు రెట్ల స్వరాలు కూడా పుష్కలంగా ఉంటాయి. చిన్న స్పీకర్ వాటిని పలికిస్తే చాలు, లేని మూల స్వరాన్ని చెవి తనే ఊహించుకుంటుంది.